చీకటిలో వెలిగిన అంకెలు: మీటరు పలకల రంగు వెనుక చరిత్ర

కొన్ని వస్తువులు వాడుకనుండి తొలగిపోయిన తరువాత కూడా వాటి పేర్లు ప్రజల నాలుకపై నిలిచి ఉంటాయి. లారీల వెనుక భాగాన, మోటారు సైకిళ్ల నంబరు పలకలపై, ఆటోల అద్దాలపై అతికించే మెరుపు కాగితాన్ని తెలుగునాట జనం ‘రేడియం’ అని పిలుస్తారు. నిజానికి ఆ కాగితంలో రేడియం లేశమైనా లేదు. ఎదుటి వాహనపు దీపకాంతిని వచ్చిన దారినే వెనుకకు పంపే సూక్ష్మమైన గాజుపూసలో, పట్టకాలో మాత్రమే అందులో ఉంటాయి. అయినా చీకటిలో మెరిసే వస్తువుకు ఆ పేరు స్థిరపడిపోయింది. గడియారాల ముఖాలపైన, విమానాల మీటర్లపైన, సైనిక వాహనాల డాష్‌బోర్డులపైన అంకెలను రేడియం కలిపిన రంగుతో చేతితో దిద్దిన కాలం ఒకటి ఉండేది. ఆ కాలపు జ్ఞాపకమే ఈ పేరులో మిగిలి ఉన్నదని భావించవచ్చు.

ఆ రంగు చరిత్రను విజ్ఞానశాస్త్ర చరిత్రగా మాత్రమే చూడడం సమంజసం కాదు. అది కుంచె పట్టిన శ్రామిక స్త్రీల చరిత్ర, వృత్తిరోగాలను చట్టం గుర్తించిన క్రమానికి సంబంధించిన చరిత్ర. అందులో భారతదేశపు దక్షిణ తీరంలోని ఇసుకకు కూడా ఒక పాత్ర ఉండడం విశేషం. పాత జీపులను, మోటారు సైకిళ్లను ఇంటివద్దనే బాగుచేసుకొని, వాటి మీటరు పలకలకు కొత్త రంగు వేసుకొనే అభిరుచి నేడు అనేకులలో కనిపిస్తున్నది. ఆ కారణంగా ఈ చరిత్ర గతించిన విషయంగా మాత్రమే మిగిలిపోలేదు.

రంగు పుట్టుక

1898 డిసెంబరులో పియరీ క్యూరీ, మేరీ క్యూరీ దంపతులు రేడియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నట్లు పారిస్‌లో ప్రకటించారు. దాని నుండి నిరంతరం వెలువడే కిరణాలు కొన్ని స్ఫటికాలను తాకినప్పుడు అవి వెలుగుతాయని పరిశోధకులు త్వరలోనే గమనించారు. 1902 ప్రాంతంలో విలియం హామర్ అనే అమెరికన్ ఇంజనీరు రేడియం లవణాన్ని జింక్ సల్ఫైడుతో, జిగురుతో కలిపి తనంతట తానే వెలిగే రంగును తయారుచేశాడు. ఈ రంగుకు ఎండ తగలనక్కరలేదు, విద్యుత్తు అవసరం లేదు. రేడియం పరమాణువు విచ్ఛిన్నమైన ప్రతిసారీ వెలువడే కణం జింక్ సల్ఫైడు స్ఫటికాన్ని తాకి ఒక మెరుపును పుట్టిస్తుంది. అటువంటి అసంఖ్యాకమైన మెరుపులు కలిసి కంటికి లేత ఆకుపచ్చని కాంతిగా కనిపిస్తాయి.

ఆనాడు రేడియం అత్యంత ఖరీదైన పదార్థం. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి బహూకరించిన ఒక్క గ్రాము రేడియం వెల లక్ష డాలర్లు. అయితే ఒక గడియారపు అంకెలను దిద్దడానికి కావలసిన రేడియం అత్యల్పం కావడంవల్ల ఆ రంగు వ్యాపారానికి అనువైనదయింది. మొదటి ప్రపంచయుద్ధం దానికి విస్తృతమైన విపణిని కల్పించింది. రాత్రివేళ కందకంలోని సైనికుడు దీపం వెలిగిస్తే శత్రువు గుండుకు గురి అవుతాడు. చీకటిలో ఎగిరే విమాన చోదకునికి ఎత్తును, వేగాన్ని చూపే మీటర్లు కనిపించకపోతే ప్రాణమే దక్కదు. ఈ అవసరాలు తీర్చడానికి చేతిగడియారాలు, దిక్సూచులు, విమానపు మీటర్లు వేలకొద్దీ ఈ రంగుతో తయారయ్యాయి. యుద్ధం ముగిసిన తరువాత ఇదే రంగు ఇళ్లలోని అలారం గడియారాలకు చేరింది. రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వాహనాల డాష్‌బోర్డులపైన కూడా దీనిని విరివిగా వాడారు.

తిరువాన్కూరు ఇసుక

ఈ కథలో భారతదేశానికి గల సంబంధం తెలియాలంటే మరొక దీపాన్ని గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు పెళ్లి ఊరేగింపులలోను, వీధి నాటకాలలోను పల్లెలను పట్టపగలు చేసిన పెట్రోమాక్స్ దీపపు వెలుగంతా దాని మాంటిల్‌లోనే ఉన్నది. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891 నాటికి రూపొందించిన ఈ మాంటిల్‌లో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు థోరియం ఆక్సైడు ఉండేది. ఆ థోరియం మోనజైటు అనే ఖనిజపు ఇసుకనుండి లభిస్తుంది. తొలుత ఈ ఇసుక ప్రధానంగా బ్రెజిల్ తీరం నుండి వచ్చేది.

1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు సంస్థానం నుండి ఎగుమతి అయిన కొబ్బరిపీచులో చిక్కుకొన్న ఇసుకరేణువులను పరిశీలించి, అవి మోనజైటు అని గుర్తించాడు. వాటి జాడ తీయగా అది మణవాళకురిచ్చి తీరానికి దారితీసింది. ఈ ప్రాంతం నేడు తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో ఉన్నది. కొద్ది సంవత్సరాలలోనే తిరువాన్కూరు ప్రపంచానికి మోనజైటును సరఫరా చేసే ప్రధాన ప్రాంతాలలో ఒకటయింది. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ తీరంపై జర్మన్ వ్యాపారుల పట్టు సడలి, బ్రిటిష్ ఆధిపత్యం నెలకొన్నది.

థోరియం తీసివేసిన తరువాత మిగిలే పదార్థంలో మరొక రేడియోధార్మిక వస్తువు ఉంటుంది. 1907లో ఆటో హాన్ కనుగొని, మీసోథోరియం అని పేరుపెట్టిన ఆ వస్తువు రేడియం యొక్క మరొక రూపమే. దాని అర్ధాయువు దాదాపు ఆరేళ్లు. మాంటిల్ పరిశ్రమకు ఇది ఉపఉత్పత్తి కావడంవల్ల అసలు రేడియం కన్న చౌకగా లభించేది. అందుచేత అమెరికాలోని రంగు తయారీదారులు రేడియంతోపాటు దీనిని కూడా వెలిగే రంగులో కలిపారు. బ్రెజిల్ తీరానిదీ, తిరువాన్కూరు తీరానిదీ ఇసుకే ఆనాటి మాంటిల్ పరిశ్రమకు ముఖ్యాధారం. పల్లెలో పెళ్లిపందిరికి వెలుగునిచ్చిన మాంటిల్‌కు, దూరదేశంలో గడియారపు అంకెలను వెలిగించిన రంగుకు ఇసుకలోనే బంధుత్వం ఉన్నదన్నమాట.

కుంచె మొన

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఆరెంజ్ పట్టణాన 1917లో వెలిగే రంగు కర్మాగారం పని ప్రారంభించింది. దీని స్థాపకులలో ఒకడైన సాబిన్ ఫాన్ సొకాకీ ఆ రంగును రూపొందించిన వైద్యుడు. తరువాత ఈ సంస్థ యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్‌గా ప్రసిద్ధి పొందింది. ఇటువంటి కర్మాగారాలే కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలోను, ఇల్లినాయ్ రాష్ట్రంలోని అటావా పట్టణంలోను వెలిశాయి. వాటిలో పనిచేసినవారు ప్రధానంగా యువతులు. పదిహేనేళ్లు నిండని బాలికలు కూడా వారిలో ఉన్నారు. దిద్దిన పలకల లెక్కన కూలి లభించేది. ఇతర కర్మాగారాలతో పోల్చిచూస్తే ఆ కూలి మెరుగైనదే. చురుకైన పనివారు రోజుకు రెండువందలకు పైగా పలకలను దిద్దేవారు.

సన్నని అంకెను దిద్దడానికి కుంచె మొన సూదివలె ఉండాలి. నాలుగు గీతలు గీయగానే ఒంటెవెంట్రుకల కుంచె విచ్చుకొంటుంది. దానిని పెదవుల మధ్య ఉంచి మొనదేర్చి, రంగులో ముంచి, మళ్లీ గీయాలని పనివారికి నేర్పారు. నీటిలోనో, గుడ్డతోనో తుడిస్తే విలువైన రంగు వృథా అవుతుందని యజమానులు భావించారు. ప్రతి పలకకు అనేకసార్లు కుంచె పెదవిని తాకేది. ఆ విధంగా రేడియం రోజూ కొద్దికొద్దిగా శరీరంలోకి చేరింది. రాత్రి ఇంటికి వెళ్లేసరికి వారి దుస్తులు, జుట్టు చీకటిలో మెరిసేవి. ఆ వెలుగును చూసి వారు ముచ్చటపడేవారు. ఆ రంగు ఆరోగ్యానికి హాని చేయదన్న మాటను వారు నమ్మారు. అయితే అదే సంస్థల ప్రయోగశాలలలో రేడియంతో పనిచేసే రసాయనశాస్త్రజ్ఞులు మాత్రం సీసపు తెరలు, పటకారులు వాడేవారన్న విషయం గమనార్హం.

రేడియం రసాయన గుణాలలో కాల్షియంను పోలి ఉంటుంది. శరీరం దానిని కాల్షియంగా భావించి ఎముకలలో చేర్చుకొంటుంది. ఒకసారి చేరిన తరువాత అది అక్కడినుండే కిరణాలను వెదజల్లుతుంది. మొదట దంతాలు ఊడిపోవడం, దవడ ఎముక పుచ్చిపోవడం, రక్తహీనత కనిపించేవి. కొన్నేళ్ల తరువాత ఎముకల కేన్సరు వచ్చేది. ఆరెంజ్ కర్మాగారంలో పనిచేసిన మాలీ మగ్గియా 1922 సెప్టెంబరులో మరణించింది. ఆమె మరణానికి కారణం సుఖవ్యాధి అని ధ్రువపత్రంలో వ్రాశారు. ఐదేళ్ల తరువాత ఆమె భౌతికకాయాన్ని వెలికితీసి పరీక్షించినప్పుడు ఎముకలలో రేడియం ఉన్నట్లు రుజువయింది, సుఖవ్యాధి చిహ్నం ఒక్కటీ కనిపించలేదు. రోగంతో పాటు అపకీర్తిని కూడా మోయవలసి రావడం ఆ స్త్రీల దుఃఖంలో ఒక భాగమని చెప్పాలి.

న్యాయం కోసం

1924లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సెసిల్ డ్రింకర్ నాయకత్వాన ఒక బృందం ఆరెంజ్ కర్మాగారాన్ని పరిశీలించి, రోగాలకు కారణం రంగేనని నివేదించింది. సంస్థ ఆ నివేదికను బయటపెట్టలేదు. పైగా దాని సారాంశాన్ని తారుమారు చేసి, పనివారు ఆరోగ్యంగానే ఉన్నారని రాష్ట్ర కార్మికశాఖకు తెలియజేసింది. 1925లో ఎసెక్స్ కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లండ్ మరణించినవారి ఎముకలను, జీవించి ఉన్నవారి శ్వాసను పరీక్షించి, రేడియం, మీసోథోరియం శరీరంలో నిలిచి ఉన్నాయని నిరూపించాడు. రంగును రూపొందించిన సొకాకీ శ్వాసలో సైతం రేడియోధార్మికత కనిపించింది. 1928లో అతడు కూడా రక్తహీనతతో మరణించాడు.

గ్రేస్ ఫ్రయర్ అనే మాజీ కార్మికురాలు తన వ్యాజ్యాన్ని స్వీకరించే న్యాయవాది కోసం రెండేళ్లపాటు తిరిగింది. 1927లో రేమండ్ బెరీ అనే యువ న్యాయవాది ముందుకు వచ్చాడు. ఆమెతో కలిసి మరి నలుగురు స్త్రీలు వాదులయ్యారు. పని విడిచిన రెండేళ్లలోపు దావా వేయాలన్న నిబంధనను సంస్థ అడ్డుపెట్టింది. రోగమే రెండేళ్ల తరువాత బయటపడితే ఆ గడువుకు అర్థమేమిటన్నది వాదుల ప్రశ్న. విచారణ వాయిదా పడడంతో పత్రికలు నిరసించాయి. చివరకు 1928 జూన్‌లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి పదివేల డాలర్లు, ఏటా 600 డాలర్ల భరణం, వైద్య ఖర్చులు లభించాయి. సంస్థ మాత్రం తన తప్పును అంగీకరించలేదు.

అటావా పట్టణంలోని కేథరిన్ ఉల్ఫ్ డానహ్యూ పోరాటం దీనికన్న మరో మెట్టు పైకి వెళ్లింది. లేవలేని స్థితిలో ఆమె తన ఇంటిలో మంచంపైనుండే వాంగ్మూలం ఇచ్చింది. 1938లో ఇల్లినాయ్ పారిశ్రామిక సంఘం ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది జులైలో ఆమె కన్నుమూసింది. సంస్థ పైకోర్టుల గడప ఎక్కుతూనే పోయింది. 1939లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించడంతో ఆ తీర్పు స్థిరపడింది.

ఈ స్త్రీల శరీరాలనుండి లభించిన కొలతల ఆధారంగానే రాబ్లీ ఎవాన్స్ తదితరులు 1941లో మానవ శరీరంలో ఉండదగిన రేడియం గరిష్ఠ పరిమితిని నిర్ణయించారు. ఆ తరువాత ప్లుటోనియంతో పనిచేసినవారి రక్షణకు కూడా అదే కొలమానమయింది. నేటి కిరణ రక్షణ నియమాల పునాదిలో ఆ కుంచె పట్టిన చేతుల త్యాగం ఉన్నదనడం అతిశయోక్తి కాదు. అయితే అది వారు తెలిసి చేసిన త్యాగం కాదన్నది మరువరాని సత్యం.

ఇల్లే కర్మాగారమైనప్పుడు

అమెరికాలో ఈ పని ప్రధానంగా కర్మాగారాలలో జరిగింది. గడియారాల దేశంగా పేరొందిన స్విట్జర్లాండులో మాత్రం ఇది గృహపరిశ్రమగా కూడా సాగింది. జూరా పర్వత ప్రాంతంలో, లా షో ద ఫాన్, బీల్ వంటి పట్టణాలలో స్త్రీలు వంటింటి బల్లల వద్ద కూర్చొని రేడియం రంగుతో పలకలను దిద్దారు. 1963లో కిరణ రక్షణ నియమావళి వచ్చేవరకు ఇది కొనసాగింది. ఆ ఇళ్లు తరువాత చేతులు మారాయి, పాత విషయం మరుగునపడింది. 2014లో బీల్ వద్ద రహదారి నిర్మాణ సమయంలో ఒక పాత చెత్తకుప్పలో రేడియం వ్యర్థాలు బయటపడ్డాయన్న వార్తతో అది తిరిగి చర్చకు వచ్చింది. మరుసటి సంవత్సరం స్విస్ ప్రభుత్వం ప్రత్యేక ప్రణాళికను ఆమోదించి, వెయ్యికి పైగా భవనాలను పరీక్షింపజేసి, అవసరమైనచోట నేల పలకలను, తోట మట్టిని తొలగించింది. పని ఆగిపోయిన అర్ధశతాబ్దం తరువాత, ఆ పనితో ఏ సంబంధమూ లేని కుటుంబాల ఇళ్లలో దాని శేషం లభించింది.

గృహపరిశ్రమ అనగానే మన దేశంలో స్వావలంబన, కుటుంబ శ్రమ గుర్తుకు వస్తాయి. దానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. కర్మాగారపు గడప వద్ద ఆగిపోయే తనిఖీ ఇంటిలోకి రాదు. విషపదార్థం మాత్రం పసిపిల్లల పడకగది వరకు చేరుతుంది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుట్టే వృత్తి తెలుగువారికి తెలియనిది కాదు. అటువంటి ఇంటి శ్రమను చట్టపరిధిలోకి తేవడానికి 1966లో ప్రత్యేక శాసనం చేయవలసి వచ్చింది.

కార్మికుల ఆరోగ్యం దుర్వినియోగం కాకుండా చూడడం రాజ్యపు కర్తవ్యమని భారత రాజ్యాంగపు 39వ అధికరణం నిర్దేశిస్తున్నది. 1948 నాటి కర్మాగారాల చట్టం యాజమాన్యాలు, వైద్యులు తప్పనిసరిగా తెలియజేయవలసిన రోగాల జాబితాలో రేడియం, ఇతర రేడియోధార్మిక పదార్థాలవల్ల కలిగే వికారాలను చేర్చింది. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కార్మికుని ఆరోగ్యాన్ని జీవించే హక్కులో అంతర్భాగంగా గుర్తించింది. ఆరెంజ్, అటావా స్త్రీలు అడిగినది కూడా ఇదే.

మన ఇళ్లకు చేరిన మీటర్లు

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత తూర్పు సరిహద్దులలో మిగిలిపోయిన సైనిక సామగ్రిలో అధికభాగం భారతదేశంలో విక్రయమయింది. ‘డిస్పోజల్ సరుకు’ అనే మాట ఆ కాలంలో ఇంటింటా వినిపించేది. జీపులు, లారీలు, మీటర్లు, దిక్సూచులు, గడియారాలు ఆ మార్గాన పౌరజీవితంలోకి ప్రవేశించాయి. వాటిలో కొన్ని నేటికీ పాత ఇనుము బజారులలోను, అభిరుచిగలవారి షెడ్లలోను ఉన్నాయి. పాత వాహనానికి పూర్వరూపం తేవాలనుకొనేవారు మీటరు విప్పి, గాజు తీసి, వెలిసిన అంకెలను గీకి, సన్నని కుంచెతో మళ్లీ దిద్దుకొంటారు. ఓర్పును, చేతినేర్పును కోరే మంచి అభిరుచి అది. తరువాతి కాలపు సాధారణ వాహనాల మీటర్లలో మామూలు రంగే ఉంటుంది. వెనుకనుండి వెలిగే చిన్న బల్బు దానికి చాలు. అందువల్ల వాటి విషయంలో భయపడనక్కరలేదు.

యుద్ధకాలపు సైనిక మీటర్ల విషయం వేరు. వాటిపై అంకెలు గోధుమరంగుకు తిరిగి, పొక్కులు కట్టి, చీకటిలో వెలగకుండా ఉండవచ్చు. వెలగడంలేదు కనుక ప్రమాదం తొలగినదని భావించడం సహజం. కాని వెలుగునిచ్చే జింక్ సల్ఫైడు కిరణాల తాకిడికి కొన్నేళ్లలోనే క్షీణిస్తుంది. రేడియం అర్ధాయువు మాత్రం దాదాపు 1600 సంవత్సరాలు. అంకె ఆరిపోయినా రేడియం ఆరిపోలేదు. గాజు వెనుక మూసి ఉన్నంతవరకు మీటరువల్ల హాని స్వల్పం. విప్పి గీకినప్పుడు లేచే ధూళి శ్వాసద్వారా, వేళ్లద్వారా శరీరంలో ప్రవేశించడమే అసలు ప్రమాదం. అటువంటి మీటరును ఇంటిలో విప్పరాదు, గీకరాదు, చెత్తలో వేయరాదు. గాజు పగలకుండా సంచిలో భద్రపరచి, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి సలహా కోరడం ఉత్తమం. వాహనానికి కొత్త పలకను అమర్చుకొంటే దాని అందానికి లోటు రాదు.

పాత సామాను ద్వారా రేడియోధార్మికత బజారుకు చేరడం ఊహామాత్రం కాదని 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి ఉదంతం తెలియజేసింది. వేలంలో అమ్ముడుపోయిన ఒక పాత ప్రయోగశాల పరికరంలో కోబాల్టు ఉన్నదని తెలియక పాత ఇనుము దుకాణంలో దానిని విప్పారు. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. రేడియం మీటరులోని పరిమాణం దానితో పోల్చదగినది కాదు. కాని రెండింటా లోపించినది ఒకటే. వస్తువును చేతికిచ్చినవారు అందులో ఏమున్నదో చెప్పలేదు.

1960ల తరువాత గడియారాలలో రేడియం స్థానాన్ని ప్రొమీథియం, ట్రిటియం ఆక్రమించాయి. 1993లో జపానుకు చెందిన నెమోటో సంస్థ స్ట్రాన్షియం అల్యూమినేటుతో రేడియోధార్మికత లేని వెలిగే రంగును రూపొందించింది. వెలుతురును గ్రహించి, చీకటిలో గంటలకొద్దీ తిరిగి ఇచ్చే ఈ రంగు ఇప్పుడు గడియారాలపైన, భవనాలలోని అత్యవసర ద్వారపు సూచికలపైన కనిపిస్తున్నది. తిరువాన్కూరు ఇసుక విషయానికి వస్తే, స్వాతంత్ర్యానంతరం దానిని జాతీయ సంపదగా గుర్తించి, 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థను స్థాపించారు. 1952లో ఆలువాలో మోనజైటు శుద్ధి కర్మాగారం ప్రారంభమయింది. భీమునిపట్నం మొదలైన ఆంధ్ర తీరప్రాంతపు ఇసుకలో కూడా మోనజైటు ఉన్నది. అటువంటి ఖనిజాల అన్వేషణ బాధ్యతను నిర్వహించే సంచాలకత్వపు ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

నేటి వాహనాల మీటరు పలకలు విద్యుత్ తెరలుగా మారిపోతున్నాయి. చేతితో దిద్దిన అంకెలు అభిరుచిగలవారి సేకరణలకే పరిమితమవుతున్నాయి. అటువంటి పలకను చూసినప్పుడు దానిని తయారుచేసిన సంస్థ పేరు గాజు వెనుక స్పష్టంగా కనిపిస్తుంది. అంకెలను దిద్దినవారి పేరు ఎక్కడా ఉండదు. గ్రేస్ ఫ్రయర్, కేథరిన్ డానహ్యూల పేర్లు నిలిచినవి వారు వేసిన అంకెలవల్ల కాదు, వారు న్యాయస్థానంలో పలికిన మాటలవల్ల. తెలుగునాట లారీ వెనుక మెరిసే కాగితం వారి కాలపు పేరును నేటికీ మోస్తున్నది. ఆ పేరు వెనుక ఉన్న మనుషులను కూడా తెలుసుకోవడం చరిత్ర చదువరుల బాధ్యత.